మసి అనే తెల్ల గుర్రం

మా ఆయనకు ఇంగ్లీషు రాదు. బస్సు మీద బోర్డు ఇంగ్లీషులో ఉంటే పక్కవాణ్ని అడుగుతాడు. మందుల చీటీ తెచ్చి నా చేతిలో పెడతాడు, నేనేదో పెద్ద చదువులు వెలగబెట్టినట్టు. కానీ ఆయన్ను గుర్రం పక్కన నిలబెట్టి, ముక్కు నుంచి తోక దాకా దేన్నేమంటారో చెప్పమనండి, ఇంగ్లీషు దొరలు కూడా నోరెళ్లబెట్టాలి. రెండు చెవుల మధ్య నడినెత్తి పోల్. మెడ అయిపోయి వీపు మొదలయ్యే చోట ఎత్తుగా లేచే ఎముక విదర్స్. వెనక కాలు పొట్టను కలిసే చోట కీలు స్టైఫిల్, దాని కింద వెనక్కి పొడుచుకొచ్చేది హాక్. డెక్క అడుగున మూడు పలకలుగా, మెత్తగా ఉండేదాన్ని ఫ్రాగ్ అంటారు. గుర్రం కాలి కింద కప్పేమిటయ్యా, వీళ్ల మొహం, అని మొదట్లో నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ మాటల దగ్గర ఆయనకు వేళాకోళాలు గిట్టవు.

మేమిద్దరం ఒక స్వారీ క్లబ్బులో పనిచేస్తాం. ఇరవై రెండు గుర్రాలు, వాటికో పెద్ద కొట్టం, ఇసుక పోసిన మైదానం, వెనక వరసగా పనివాళ్ల గదులు. అందులో రెండు గదులు మావి. ఆయనది గుర్రాలను చూసుకునే పని, ఇరవై ఏడేళ్ల సర్వీసు. నాది జీన్లూ కళ్లేలూ పెట్టే సామాన్ల గదిలో కుట్టుమిషను పని. జీను కింద గుర్రం వీపు ఒరుసుకోకుండా వేసే మెత్తను నమ్నా అంటారు. చలికాలం కప్పే దుప్పటి జారకుండా పొట్ట చుట్టూ బిగించే పట్టీ సర్సింగిల్. ఈ పేర్లు నాకు నేర్పింది మా ఆయనే. నేర్పినవి సగం మర్చిపోయాను, అది వేరే సంగతి.

ఆయనకు నేర్పింది గుర్రాల డాక్టరుగారు. పోయి తొమ్మిదేళ్లయింది. ప్రతి మంగళవారం వచ్చేవారట, వచ్చినప్పుడల్లా మా ఆయన చెయ్యి పట్టుకుని గుర్రం ఒంటి మీద ఒక చోట పెట్టి, ఇదేమిటో చెప్పు అనేవారట. తప్పు చెబితే తిట్టేవారు కాదు. సరైన పేరు వచ్చేదాకా చెయ్యి అక్కడి నుంచి తియ్యనిచ్చేవారు కాదు, అంతే. ఒకసారి పేరు గుర్తురాక అరగంట సేపు గుర్రం మోచేతి మీద చెయ్యి వేసి నిలబడ్డానని మా ఆయన గొప్పగా చెప్పుకుంటాడు. ఇందులో గొప్పేముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అవయవాలయ్యాక రంగులు. నలుపూ తెలుపూ పెద్ద మచ్చలుంటే పైబాల్డ్. నలుపు కాకుండా తెలుపుతో ఇంకే రంగు కలిసినా స్క్యూబాల్డ్. ఒళ్లంతా రంగు వెంట్రుకల మధ్య తెల్ల వెంట్రుకలు చల్లినట్టుంటే రోన్. ఒక కన్ను నీలంగా గాజులా ఉంటే వాల్ ఐ. నుదుటి మీద తెల్ల మచ్చ స్టార్, ముక్కు దగ్గర చిన్న మచ్చ స్నిప్. క్లబ్బుకొచ్చే మెంబర్లు ఆయనకు డిక్షనరీ అని పేరు పెట్టారు. పిలిస్తే ముసిముసిగా నవ్వుకుంటూ పోయేవాడు. ఇంట్లోనూ అదే గోల. మా అమ్మాయి పెన్సిలు కొరికితే క్రిబ్ బైటింగ్ అంటాడు, ఊసుపోని గుర్రాలు కొట్టం చెక్కలు కొరికే జబ్బట. నాకు కోపమొచ్చి వంటింట్లో అటూ ఇటూ తిరిగితే వీవింగ్ అంటాడు, గడప దగ్గర నిలబడి గుర్రం ఇటూ అటూ ఊగే జబ్బట. కట్టుకున్నదాన్ని గుర్రంతో పోలుస్తావా అని గరిటె చూపించిన రోజులున్నాయి.

ఇదీ మనిషి. ఈ మనిషిని పట్టుకుని దొంగ అన్నారు.

క్లబ్బు చేతులు మారింది. కొత్త యజమానులు కొత్త మేనేజరును పంపారు. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, చేతిలో అట్ట, అట్టకు బిగించిన కాగితాలు. గుర్రానికి పదడుగుల దూరం నుంచే ముక్కు మూసుకునే రకం. ప్రతి గుర్రానికీ పుట్టినప్పుడు రాయించిన గుర్తింపు కాగితం ఒకటుంటుంది. రంగు, మచ్చలు, సుడులు, అన్నీ అందులో రాసి, బొమ్మ గీసి డాక్టరు సంతకం పెడతాడు. ఇన్నేళ్లూ అవి ఆఫీసు బీరువాలోనే పడి ఉన్నాయి. ఈ మహానుభావుడు వాటిని బయటికి తీసి, ఒక్కో గుర్రాన్నీ ఎదురుగా నిలబెట్టించి సరిచూడడం మొదలుపెట్టాడు. పద్నాలుగు గుర్రాలు సరిపోయాయి. పదిహేనోది మసి.

మసి పదహారేళ్ల ఆడగుర్రం. పేరు మసి, ఒళ్లు సున్నం కొట్టిన గోడ. దగ్గరికెళ్లి చూస్తే మెడ మీదా పొట్ట మీదా పురుగు కుట్టినట్టు చిన్న చిన్న గోధుమరంగు చుక్కలు. తెల్లగుర్రానికి మసి అని పేరెవరు పెట్టారని కొత్తవాళ్లు నవ్వుతారు. పుట్టినప్పుడు అది నల్లగా ఉండేదనీ, ఏడాదికింత తెల్లబడుతూ వచ్చిందనీ మా ఆయన చెబుతాడు. అలాంటి గుర్రాలను గ్రే అంటారట. ఎంత తెల్లగా ఉన్నా వాటి రంగు పేరు బూడిదే, తెలుపు కాదు. నేను ఈ క్లబ్బులో చేరేనాటికే దాని ఒంటి మీద బూడిద గుండ్రాలు తేలుతున్నాయి. నల్లగా ఉండగా చూసినవాళ్లలో క్లబ్బులో మిగిలింది మా ఆయనొక్కడే.

సామాన్ల గదికీ ఆఫీసుకూ మధ్య ఉన్నది చెక్క గోడ. మిషను ఆపితే అవతల తుమ్మినా వినిపిస్తుంది. ఆ మంగళవారం మేనేజరు గొంతు లేచేసరికి మిషను ఆపాను.

"కాగితంలో నల్లగుర్రం, కొట్టంలో తెల్లగుర్రం. నల్లది ఎక్కడికి పోయింది?"

"ఇది అదే సార్," అన్నాడు మా ఆయన. "రంగు మారింది."

రంగు మారే గుర్రమైతే పుట్టినప్పుడే గ్రే అని రాస్తారు, నేనూ కనుక్కున్నాను, అన్నాడు మేనేజరు. ఇక్కడ బ్లాక్ అని స్పష్టంగా రాసి ఉంది, కింద డాక్టరు సంతకం ఉంది, మరి అంత పెద్ద డాక్టరు తప్పు రాశాడా అని అడిగాడు. మా ఆయన పలకలేదు. పోనీ ఈ వివరాలు ఎవరిచ్చారు అని అడిగాడు. దానికీ పలకలేదు. మసి తల్లి పోటీల్లో కప్పులు గెలిచిన గుర్రం, దాని పిల్లంటే ఎవరైనా ఎగరేసుకుపోతారు. అసలుదాన్ని దాటించి ఎక్కడిదో తెల్లదాన్ని తెచ్చి కట్టావు, ఇరవై ఏడేళ్ల నుంచి తాళంచెవులు నీ దగ్గరే ఉన్నాయి కదా, అన్నాడు ఆ పెద్దమనిషి. శనివారం లోపల నిజం చెప్పాలట. లేకపోతే పోలీసు కంప్లయింటు, ఉద్యోగం ఊడడం, గదులు ఖాళీ చెయ్యడం.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెక్క గోడ బద్దలుకొట్టుకుని అవతలికి పోదామనిపించింది. పేడ ఎత్తి, గడ్డి మోసి, కడుపునొప్పితో పొర్లే గుర్రం పక్కన రోజుల తరబడి నిలబడిన మనిషిని, కొట్టంలో రెండు వారాలు తిరగనివాడు దొంగ అంటాడా. అంతకంటే మంట మా ఆయన మీద. నోరు తెరిస్తే ముత్యాలు రాలతాయా? ఒక్క మాట అనలేడా? బెల్లం కొట్టిన రాయిలా నిలబడి, అలాగే సార్ అని బయటికొచ్చి, మసికి దాణా కలపడానికి పోయాడు.

బుధవారానికల్లా క్లబ్బంతా పాకింది. నిన్నటిదాకా డిక్షనరీ అని భుజం తట్టినవాళ్లు గుర్రం దిగి పగ్గాలు ఆయన చేతికివ్వకుండా గోడకున్న కొక్కేనికి తగిలించి పోతున్నారు. పక్క గది ఆవిడ, మీరు వెళ్లిపోతే మీ రెండో గది మాకిస్తారేమో కనుక్కో వదినా అని నన్నే అడిగింది. ఏం చెప్పను? తేలు కుట్టిన దొంగలా ఈయన మూలన కూర్చుంటే, ఎవరు మాత్రం దొంగ కాదనుకుంటారు?

గురువారం సాయంత్రం అమ్మాయి ట్యూషన్‌కు పోయాక తలుపేశాను. ఆయన గడప దగ్గర కూర్చుని బూట్లకంటిన మట్టి పుల్లతో గీకుతున్నాడు. పుల్ల లాగేశాను. ఏం జరిగిందో చెప్పేదాకా ఈ గదిలో పొయ్యి వెలగదన్నాను. బూటు వంక చూస్తూ చెప్పాడు.

మసి పుట్టిన రోజు తెల్లవారి డాక్టరుగారు రాలేదు. జ్వరంతో మంచం మీదున్నారు. కాగితం వారం లోపల పంపాలి. నువ్వు చూసి చెప్పు, నేను రాస్తాను అన్నారట. అంతకుముందెప్పుడూ డాక్టరుగారు ఆ మాట అనలేదు. మా ఆయన కొట్టంలోకి పోయి పిల్లను చూశాడు. నల్లగా, తడిగా మెరుస్తూ ఉంది. మసి తండ్రి గ్రే. తండ్రి గ్రే అయితే పిల్లను బ్లాక్ అనే ముందు కనురెప్పల చుట్టూ వెతకమనీ, ఒక్క తెల్ల వెంట్రుక కనబడినా అది గ్రే అనీ డాక్టరుగారు వందసార్లు చెప్పి ఉన్నారు. ఈయన రెప్పలు చూడలేదు. నుదుటి మీద స్టార్ చూశాడు, వెనక కుడికాలికి మేజోడు తొడిగినట్టున్న తెలుపు చూశాడు, సుడులు లెక్కపెట్టాడు, అన్నీ వేళ్ల మీద పెట్టుకుని పరుగున పోయి చెప్పాడు. రంగు దగ్గర బ్లాక్ అన్నాడు. డాక్టరుగారు గుర్రాన్ని చూడకుండా, ఈయన మాట మీద సంతకం పెట్టారు.

రెండు నెలలకు పిల్ల ముఖం మీద నెరుపు మొదలయ్యేసరికి తప్పు తెలిసింది. దిద్దిద్దాంలే అన్నారట డాక్టరుగారు. దిద్దలేదు. ఆయన పోయారు.

"ఇంతేనా?" అన్నాను. "ఈ మాట వాడితో చెప్పడానికి నోరు రాలేదా నీకు?"

"రంగు తప్పు చెప్పానని నేనెట్లా చెప్పుకోను?" అన్నాడు.

ఒళ్లు భగ్గుమంది. దొంగ అంటే పడతాడట. పోలీసులొస్తే పోతాడట. పెళ్లాన్నీ పిల్లనూ రోడ్డు మీద పడేస్తాడట. పదహారేళ్ల కింద ఒక్క ముక్క తప్పు చెప్పానని మాత్రం ఒప్పుకోలేడట. ఇదేం రోషమయ్యా, తగలెయ్యడానికి కాకపోతే, అన్నాను. పోనీ నీ పేరెత్తకు, డాక్టరే తప్పు రాశాడని చెప్పు, ఆయన వచ్చి కాదంటాడా అన్నాను. అప్పుడు నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నన్ను అలా చూడలేదు. బూట్లు చేత్తో పట్టుకుని ఉత్తకాళ్లతో బయటికి పోయాడు.

శనివారం పదింటికి మసిని మైదానం అంచున నిలబెట్టారు. మేనేజరు, అట్ట, యజమానుల తరఫున ఒక లాయరు, చుట్టూ చోద్యం చూడ్డానికి మెంబర్లు. మా ఆయన పగ్గం పట్టుకుని నిలబడ్డాడు. చెప్పేదేమైనా ఉందా అని మేనేజరు అడిగాడు. ఈయన ఇసుక వంక చూస్తున్నాడు. లాయరు గడియారం చూసుకున్నాడు.

ఇక నావల్ల కాలేదు. ముందుకెళ్లి, నేను చెబుతాను సార్ అన్నాను. ఆ కాగితం తప్పు, రాసిన డాక్టరు సరిగా చూడకుండా రాశాడు, చివరి రోజుల్లో ఆయనకు చూపు ఆనేది కాదు అన్నాను. చూపు సంగతి నేను అప్పటికప్పుడు అల్లింది. చచ్చిపోయిన పెద్దమనిషి మీద నిందవేస్తున్నానని నాకు తెలుసు. తెలిసే వేశాను. నా ఇల్లు నిలబడాలి.

"కాదు సార్," అన్నాడు మా ఆయన. "డాక్టరుగారి తప్పేం లేదు. తప్పు చెప్పింది నేను."

తర్వాత అంతా చెప్పాడు. జ్వరం, పరుగు, రెప్పలు చూడకపోవడం. మేనేజరు సన్నగా నవ్వాడు. కథ బాగుంది, రుజువేమిటి అన్నాడు. మా ఆయన నావైపు తిరిగి ఒక బొక్కెన నీళ్లు తెమ్మన్నాడు.

గ్రే గుర్రానికి పైన వెంట్రుక తెల్లగా ఉన్నా కింద తోలు నల్లగా ఉంటుందట. పుట్టుకతో వచ్చిన తెల్లమచ్చ కింద మాత్రం తోలు గులాబీ రంగులో ఉంటుందట. ఒళ్లంతా తెల్లబడితే మచ్చ అందులో కలిసిపోయి కనబడదు, నీళ్లతో తడిపితే కనబడుతుంది. మా ఆయన స్పంజి ముంచి మసి నుదురు తడిపాడు. వెంట్రుకలు అంటుకుపోగానే బూడిదరంగు తోలు తేలింది, దాని నడుమ ఎడమవైపు వాలిన గులాబీ మచ్చ. కాగితంలో గీసిన స్టార్ ఎటు వాలిందో చూడండి సార్ అన్నాడు. ఎడమకే వాలింది. వెనక కుడికాలు తడిపితే మేజోడు మేర గులాబీ. నుదుటి మీద ఒకదాని కింద ఒకటి రెండు సుడులు, మెడకు కుడిపక్క పొడుగు సుడి. లాయరు స్వయంగా వంగి వేలితో చూసి, కాగితం చూసి, ఇదే గుర్రం అనేశాడు. మెంబర్లెవరో చప్పట్లు కొట్టారు.

నాకు చప్పట్లు కొట్టబుద్ధి కాలేదు. మంగళవారం నుంచి రుజువు ఒక బొక్కెన నీళ్లలో ఉంటే, ఈ మనిషి నాలుగు రోజులు నన్ను చంపుకుతిన్నాడు. తీరిగ్గా నీ సంగతి చెబుతా అనుకున్నాను.

కానీ మేనేజరు నాకంటే ముందే చెప్పాడు. సారీ అన్న మాట అతని నోటివెంట రాలేదు. సోమవారం ఆఫీసుకు పిలిచి, ఒక కాగితం ముందు పెట్టి సంతకం చెయ్యమన్నాడు. నన్నూ పిలవమన్నాడు మా ఆయన, చదివి చెప్పడానికి. అదృష్టం బాగుండి తెలుగులోనే ఉంది, ఆయన తెలుగైనా కూడబలుక్కుని చదివే మనిషి. గుర్రాల గురించి సరైన పరిజ్ఞానం లేని కారణంగా నేను తప్పుడు సమాచారం ఇచ్చాను అని రాసి ఉంది. ఇకమీదట గుర్రాలకు సంబంధించిన ఏ వివరమూ మెంబర్లకుగాని, డాక్టర్లకుగాని చెప్పను, శుభ్రం చేసే పనికి పరిమితమవుతాను అని రాసి ఉంది. మొదటి వాక్యం చదవడం నావల్ల కాలేదు. ఆయనే అడిగాడు, ఏముందని. చదివాను.

"పరిజ్ఞానం లేని కారణంగానా?" అన్నాను మేనేజరుతో. "ఈయనకా?"

ఇది ఫార్మాలిటీ అమ్మా అన్నాడు. ఫార్మాలిటీ అట. ఇరవై ఏడేళ్లలో ఒక్క తప్పు, అదీ తానే ఒప్పుకున్న తప్పు. దాన్ని చూపించి మిగతా అంతా కొట్టేశారు. ఆ కాగితం చింపుదామని చెయ్యి చాపాను. ఆయన నా మణికట్టు పట్టుకుని ఆపి, సంతకం పెట్టాడు. తెలుగులో, విడివిడి అక్షరాలతో, నెమ్మదిగా. అప్పుడు నాకు తట్టింది. ఆ నాలుగు రోజులూ ఈయన భయపడింది పోలీసులకు కాదు. సరిగ్గా ఈ కాగితానికే భయపడ్డాడు. నోరు తెరవమని పీకల మీద కూర్చున్నది నేను.

ఉద్యోగం నిలిచింది. గదులు నిలిచాయి. మాటలు పోయాయి. పేడ ఎత్తుతాడు, ఒళ్లు తోముతాడు, నీళ్లు పెడతాడు, వచ్చి అన్నం తింటాడు. అమ్మాయి పెన్సిలు కొరికితే, కొరక్కమ్మా అంటాడు, అంతే. నేను వంటింట్లో పూనకం వచ్చినట్టు తిరిగినా వీవింగ్ అనడు. ఒకరోజు కావాలనే ఆయన ముందు పది చక్కర్లు కొట్టాను. కూరలో ఉప్పు తక్కువైందా అన్నాడు. నేను బావి లాంటి మనిషిని కాను, లోపల పెట్టుకోవడం నాకు చేతకాదు. స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను, మేనేజరును నోటికొచ్చినట్టు తిట్టాను, తర్వాత నన్ను నేను తిట్టుకున్నాను.

మూడు నెలలు ఇలాగే గడిచాయి. స్వారీ నేర్చుకోవడానికి కొత్తగా ఒకావిడ చేరింది. పళ్ల డాక్టరట. ప్రతిదీ తెలుసుకోవాలనే మనిషి. ఆ ఉదయం మసి ముందుకాళ్లు మా ఆయన బ్రష్షుతో కడుగుతున్నాడు. నేను కుట్టిన నమ్నాలు ఎండకు ఆరేస్తున్నాను. మేనేజరు ఆఫీసు మెట్ల మీద టీ తాగుతున్నాడు. ఆవిడ వంగి, డెక్కకు కాస్త పైన, సన్నగా ఏటవాలుగా ఉన్న చోట వేలు పెట్టి, దీన్నేమంటారండీ అని అడిగింది.

"కాలమ్మా," అన్నాడు మా ఆయన.

నా చేతిలోని నమ్నా కింద పడింది. కాలట. డాక్టరుగారు చెయ్యి పట్టుకుని నేర్పించిన మనిషి, ప్రతి ఎముకకూ పేరు తెలిసిన మనిషి, కాలమ్మా అంటున్నాడు. ఉండబట్టలేకపోయాను. కాలేమిటి కాలు, ఆ మాత్రం మాకూ తెలుసు అని గట్టిగా అన్నాను. మెట్ల మీదివాడికి వినిపించాలనే అన్నాను.

"దాన్ని ఫెట్‌లాక్ అంటారమ్మా," అన్నాను ఆవిడతో. "నాకు నేర్పింది ఈయనే."

మా ఆయన బ్రష్షు ఆపాడు. తల వంచుకునే ఉన్నాడు.

"ఫెట్‌లాక్ కాదు," అన్నాడు. "అది పాస్టర్న్. ఫెట్‌లాక్ దాని పైనున్న కీలు."

ఆవిడ వేలు పైకి జరిపింది. ఆయన చెయ్యి కూడా దానంతట అదే పైకి జరిగింది. ఇది ఫెట్‌లాక్, దీనిపైన నిటారుగా ఉన్న ఎముక కానన్, మోకాలికి కాస్త పైన లోపలివైపు ఎండిన బెరడులా కనబడేది చెస్ట్‌నట్, మన వేలిముద్రలాగే అది ఏ రెండు గుర్రాలకూ ఒకేలా ఉండదు అంటూ మోకాలు దాటాడు. మెట్ల మీద మేనేజరు కప్పు చప్పుడయ్యేలా సాసర్లో పెట్టి, గొంతు సవరించాడు. మా ఆయన ఆగిపోయాడు.

మూడు నెలలకు నోరు విప్పి ఆ మనిషి మొట్టమొదట చేసిన పని, నలుగురి ముందూ నా తప్పు పట్టడం. ఎంత ఒళ్లు మండిందో చెప్పలేను. కళ్లు తుడుచుకోవడానికి కూడా తీరిక లేకపోయింది. నేరుగా మేనేజరు కళ్లలోకి చూస్తూ మా ఆయనతో అన్నాను.

"మోకాలి దగ్గర ఆగావేమయ్యా? పైన ఇంకా గుర్రమంతా ఉంది. చెప్పు."